ప్రకాశమ్మ ప్రార్థన అంశం

"ఈ గురువారం నుంచి మీ ఆడోళ్ల కూటం మనింట్లోనే. మందిరం అయ్యగారితో మాట్లాడినా. ఉగ్గాని కొంచెం ఎక్కువే చెయ్యి" అన్నాడు యేసుప్రసాద్, గల్లాపెట్టె వెనక కుర్చీలోంచి తల తిప్పకుండానే.

కొట్టు వెనక వరండాలో ప్రకాశమ్మ బొరుగులు జల్లిస్తూ ఉంది. ఇసుకలో వేయించిన సరుకు అది. ఒక్క రేణువు మిగిలినా తినేవాడి పంటికింద పడుతుంది, ఆ రోజుతో ఆ గిరాకీ పోతుంది. అందుకే జల్లెడ పట్టే పని ఇన్నేళ్లుగా ఆమె ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. భర్త మాట వినగానే ఆ జల్లెడ ఆగింది.

"మనింట్లోనా?"

"ఆ. ఆ నాగలతది ఇల్లా ఏమన్నానా? ఒక్క గది. సంఘ పెద్ద భార్య పోయి ఆ బండల మీద కూచుంటాండాదంటే నాకేం మర్యాద? మన హాల్లో ఫ్యాన్లుండాయి, కుర్చీలుండాయి. వాక్యం అయ్యగారు చెప్తారు, కూటం నేను నడిపిస్తా. నువ్వింక ఎండలో రైలు గేటు దాటి పోయే పనే లేదు. టిఫను సంగతి చూసుకుంటే చాలు. బజ్జీలు కూడా వెయ్యి, అయ్యగారికి ఇష్టం."

ఏదో నగ చేయించి తెచ్చిపెట్టినవాడిలా చెప్పాడు. ఆయన దృష్టిలో అది మేలే. పెళ్లానికి దారి నడిచే శ్రమ తప్పించాడు, ఇంటికి పదిమంది వచ్చేటట్టు చేశాడు, దేవుడి పని కొట్టుకు ఆనుకునే జరిగేటట్టు చూశాడు.

బజారులో బతికిన మనిషికి ఈ ఎత్తు తెలియనిది కాదు. చిన్న బండి మీద ఒకామెకు వ్యాపారం బాగా సాగుతూ ఉంటే పెద్ద కొట్టువాడు వచ్చి కొట్లాడడు. "ఎండలో ఎందుకమ్మా, మా అరుగు మీద పెట్టుకో" అంటాడు. కొన్నాళ్లు పోయి చూస్తే బండి ఉండదు. అరుగు మీద ఆమె ఉంటుంది గానీ అమ్మేది వాళ్ల సరుకు. పోవద్దని అడ్డం నిలిచేవాడితో పోట్లాడవచ్చు. ఇంటికే తెచ్చిపెట్టినవాడితో ఏమని పోట్లాడాలి? పోట్లాడితే, "దేవుడి పని ఇంటికొస్తే కాదంటాండాది సూడు" అన్న మాట పడుతుంది.

జల్లెడ మళ్లీ కదిలింది. ఈసారి విసురుగా.

నిజానికి ఆ కొట్టు ఆమె పుట్టింటి విద్య. పత్తికొండ దగ్గర పల్లెలో వాళ్ల నాయనకు బొరుగుల బట్టీ ఉండేది. బియ్యానికి ఉప్పునీళ్లు ఎంత పట్టించాలో, ఎంతసేపు ఆరనివ్వాలో, ఇసుక ఎంత కాగితే గింజ పువ్వులా విచ్చుకుంటుందో ఆమె ఒంటికి తెలుసు. బొరుగుకు ప్రాణం ఉప్పు అనేవాడు నాయన. ఎక్కువైతే నోట పెట్టలేరు, తక్కువైతే దూది తిన్నట్టు ఉంటుంది. పెళ్లయి డోన్ వచ్చేసరికి యేసుప్రసాద్ లారీ ఆఫీసులో గుమస్తా. ఆ ఆఫీసు మూతపడి ఆయన మంచం మీద గోడకు తిరిగి పడుకున్న రోజుల్లో, పెరట్లో ఇటుకలు పేర్చి బట్టీ కట్టింది ఆమె. మొదటి బస్తా నెత్తిన పెట్టుకుని పాత బస్టాండు దగ్గర టిఫిన్ బండ్లవాళ్లను బతిమాలింది ఆమె. కొట్టు కుదురుకున్నాక గల్లాపెట్టె వచ్చింది. గల్లాపెట్టెతో పాటు కుర్చీ వచ్చింది. కుర్చీలోకి ఆయన వచ్చాడు. రెండో కుర్చీ మాత్రం ఎన్నడూ రాలేదు. ఒకసారి అడిగితే, "ఇద్దరం కూచుంటే గిరాకీని సూసేదెవురు?" అని నవ్వాడు. అత్త సిద్దమ్మ లోపలినుంచి ఆ నవ్వుకు తోడు ఒక మాట కలిపింది. "కూచున్న ఆడదీ, ఆగిపోయిన తిరగలీ ఇంటికి అచ్చిరావు."

ఏటా సంఘ వార్షికోత్సవంలో యేసుప్రసాద్ లేచి సాక్ష్యం చెప్తాడు. తెల్లచొక్కా, చేతిలో మైకు. "ఏమీ లేని నన్ను ప్రభువు వ్యాపారస్తుణ్ణి చేసినాడు. నా కష్టాన్ని ఆశీర్వదించినాడు. నా ఇల్లాలు కూడా నాకు సాటియైన సహాయంగా ఉండాది." ఆ చివరి మాటకు ఆడవాళ్లందరూ ఆమె వైపు తిరిగి చూసి చిరునవ్వు నవ్వుతారు. అదృష్టవంతురాలు, మైకులో మొగుడి నోట పడింది అన్నట్టు. ఆమె తల వంచుకుంటుంది. పంటికింద రేణువు పడినట్టు ఉంటుంది. మందిరంలో ఉమ్మలేక మింగుతుంది. బొరుగుల వ్యాపారికి మొదట తెలియాల్సిన సంగతి ఒకటుంది, బస్తా ఎత్తు చూసి మోసపోకూడదని. మనిషెత్తు బస్తాను ఒంటిచేత్తో లేపొచ్చు. ఆ సాక్ష్యం కూడా అంతే ఎత్తు, అంతే బరువు. కానీ చప్పట్లు ఎత్తుకే పడతాయి.

మందిరానికి ఆమె ఎన్నడూ తప్పింది లేదు. కానీ ఏం విన్నదని అడిగితే చెప్పలేదు. రొట్టె, ద్రాక్షరసం పంచే బల్లారాధన గిన్నెలు కడగడం, చాపలు దులపడం, బయటి ఊళ్ల నుంచి వచ్చిన దైవసేవకులకు అన్నాలు, ఇంట్లో ప్రార్థన అయితే బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని. "ప్రకాశమ్మ చేతి ఉగ్గాని" అని సంఘంలో ఒక పేరుంది. ఆ పేరే ఆమె పేరు. మిగతా వేళల్లో ఆమె ప్రసాదన్న భార్య. బైబిల్లో ఇద్దరు అక్కచెల్లెళ్ల ఇంటికి ప్రభువు వచ్చినప్పుడు, ఆయన పాదాల దగ్గర కూచుని విన్న చెల్లెలిదే మంచి భాగమని, వంటింట్లో హైరానా పడిన అక్కది కాదని అయ్యగారు ఏటా ఒకసారైనా వాక్యం చెప్తారు. ఒక ఏడు అది వీళ్లింట్లోనే చెప్పారు. గోడ అవతల కాగిన నూనె ముందు నిలబడి ఆమె వింది. వాక్యం ముగించి ఆమేన్ చెప్పిన వెంటనే ఆయన గొంతే వినబడింది. "అమ్మా, బజ్జీలు ఇంకో రెండుంటే ఇట్లా పంపండి."

ఎవరికీ నవ్వు రాలేదు. ఆమెకూ రాలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అప్పుడు బజ్జీలు పంపింది.

గురువారం కూటానికి ఆమె కావాలని పోలేదు. పోయిన ఎండాకాలంలో అంగన్‌వాడీ టీచరు నాగలత పిల్లల కోసమని ఒక బస్తా బొరుగులు చెప్పింది. ఆటోవాడు రాకపోతే ప్రకాశమ్మే వేరే ఆటో మాట్లాడుకుని, రైలు గేటు తెరిచేదాకా ఎండలో ఆగి, వాళ్లింటికి చేర్చింది. ఒక్క గది. నేల మీద చాప. గుండ్రంగా ఆరేడుమంది ఆడవాళ్లు. నాగలత ఆమె చెయ్యి పట్టుకుంది.

"సరైన టయానికి వచ్చినావక్కా. కూటం మొదలు పెడతాండాం. కూచో."

"మీరు కానియ్యండి. నేను అందరికీ టీ పెడతా. స్టవ్వు యాడుండాది?" అంది ప్రకాశమ్మ. కొత్త ఇంట్లో అడుగుపెట్టి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

చాప మీదివాళ్లందరూ గొల్లుమన్నారు. ఉల్లిగడ్డల మండీలో గడ్డలు ఏరే పనికి పోయే హులిగెమ్మ అయితే పొట్ట పట్టుకుంది. "టీ కావల్లంటే బస్టాండుకు పో తల్లీ. దేవుడు కావల్లంటే ఈడ కూచో. రెండూ దొరికే అంగడి కాదిది."

"ఈడ పొయ్యి ముట్టియ్యమక్కా" అని నాగలత విడమర్చి చెప్పింది. "ఆ కుండలో నీళ్లుండాయి. దాహమైనోళ్లు లేసి ముంచుకోవల్ల. ముందు మేమూ టిఫన్లు పెడుతాంటిమి. వారానికొకరింట్లో. చూస్తే ఎవురింట్లో కూటమైతే వాళ్లే కూటంలో ఉండరు. వాళ్ల కోసం ప్రార్థన చేస్తాంటే వాళ్లు పొగలో దగ్గుతాంటారు. ఇదేం కథని, అందరం కలిసి పొయ్యి బందు చేస్తిమి."

ప్రకాశమ్మ వాకిలి పక్కన కూచుంది. ఒక కాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి. ఎవరు పిలిచినా ఇట్టే లేవడానికి వీలుగా ఆడవాళ్లు కూచునే కూర్చోవడం అది. ఆమెకు ఇంకోలాగ కూచోవడం రాదు.

పాటయ్యాక ఒక్కొక్కరే తమ ప్రార్థన అంశం చెప్పారు. ఆమె వంతు వచ్చింది. భర్తకు బీపీ, అత్తకు మోకాళ్ల నొప్పి, రాయచోటిలో కూతురు శ్రావణికి నెలలు నిండుతున్నాయి, కాన్పు సులువుగా కావాలి. గడగడా చెప్పేసింది.

"అందరివీ చెప్పినావక్కా. నీదేది?" అంది నాగలత.

"ఇయ్యే నావి."

"ఇయ్యి వాళ్లవి. చేస్తాంలే వాళ్లకూ ప్రార్థన. నీకేం కావాల?"

ఏం కావాల? పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి ఆమె అందరినీ అడిగే మాట అది. ఏం కావాలప్పా, ఏం కావాలమ్మా. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి అడుగుతుంది. తననెవరూ అడిగిన గుర్తు లేదు. "తెల్దు" అంది చివరికి. "పర్వాలేదు, వచ్చే వారం చెప్పు" అంది నాగలత, గడువు ఇచ్చినట్టు.

ఆ వారమంతా ఆమె వెతుక్కుంది. జల్లెడ పడుతూ, బోకులు తోముతూ, అత్త మోకాళ్లకు నూనె రాస్తూ. మొదట తన మీదే కోపం వచ్చింది. ఇంత బతుకు బతికి నీకేం కావాలో నీకు తెలియదా, మొద్దుముఖమా అని. రానురాను ఆ కోపం దారి మళ్లింది. సరుకు కొట్లో ఉందో లేదో ఎవరైనా అడిగితేనే కదా చూసేది? ఎన్నడూ అడగని సరుకు అటక మీద ఏ మూలకో పోతుంది. పెట్టినవాళ్లే మరిచిపోతారు.

మళ్లీ గురువారం చాప మీద కూచుని, నేల చూస్తూ చెప్పింది. "నాకు కూచోవల్లనుంది."

పొరపాటు మాట అన్నానేమోనని తల ఎత్తింది. హులిగెమ్మ నవ్వడానికి నోరు తెరిచి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ ఉంది. నాగలత కళ్లు మూసుకుంది. "ప్రభువా, మా ప్రకాశమ్మక్క కూచోవల్లంట. ఆమెకు చోటు చూపించు. ఆమె కూచున్నప్పుడు ఎవురూ లేపకుండా వాకిట్లో నువ్వే కాపలా ఉండు."

ప్రార్థనలో తన పేరు వినడం ఆమెకు అదే మొదలు. ప్రసాదన్న కుటుంబం అనలేదు. ప్రకాశమ్మ అన్నారు. అప్పటిదాకా దేవుడంటే ఆమె లెక్కలో ఇంటికొచ్చే పెద్ద చుట్టం. ఆయన వస్తున్నాడంటే ఇల్లు ఊడవాలి, వండాలి, వడ్డించి గోడ పక్కన నిలబడాలి. ఆ రోజు ఆ పెద్ద చుట్టం ఏమీ అడక్కుండా వచ్చి, చాప మీద తన పక్కనే చతికిలబడినట్టు అనిపించింది. ఎప్పుడు దించిందో తెలియదు, చూసుకుంటే నిలబెట్టిన మోకాలు కిందికి దిగి ఉంది.

అప్పటి నుంచి గురువారం ఆమెది. మధ్యాహ్నం గిరాకీ పలుచబడే వేళ రైలు గేటు దాటి పోయేది. బీపీ మాత్రలు ఎక్కడ పెట్టిందో, అన్నం ఏ గిన్నెలో మూసిందో చెప్పి మరీ పోయేది. వచ్చేటప్పుడు ఒంట్లో ఏదో కొత్త గాలి నింపుకొచ్చినట్టు ఉండేది. పాటలు పాడుకుంటూ బట్టీ దగ్గర పనిచేసేది. రోజూ పడుకునే ముందు ఎవరో రాసిపెట్టింది అప్పజెప్పినట్టు కాకుండా, పక్కింటి ఆమెతో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడడం వచ్చింది.

ఒక గురువారం, పెళ్లిళ్లలో చదివే వాక్యభాగం చదవడం హులిగెమ్మ వంతు వచ్చింది. ఆమె చదువు ఆ కూటంలోనే మొదలైంది. ఒక్కో అక్షరాన్ని ఉల్లిగడ్డ తిప్పి చూసినట్టు చూసి గానీ ముందుకు పోదు.

"సా... టి... యై... న..." అని ఆగింది. "సాటి? సాటంటే?"

"సహాయము అనుండాది, ముందుకు చదువుమ్మే" అని ఎవరో తొందరపెట్టారు.

"సహాయం నాకు తెల్సులే, రోజూ చేసేదే గదా. ఈ ముందర ఉండేది అడుగుతాండా. సాటంటే సమానమా?"

నాగలత పుస్తకంలోకి వంగి చూసింది. అంతకు ముందు లెక్కలేనన్ని సార్లు చదివిన మాటే. "సమానమే" అంది నెమ్మదిగా. "సరిజోడు."

"మరి మా పెండ్లిలో అయ్యగారు ఇది అనలేదే?"

"అనింటాడు. ఆగకుండా బిన్నా చదివేసింటాడు" అంది ప్రకాశమ్మ. తన గొంతు తనకే గట్టిగా వినబడింది. సాటి అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తక్కెడలో ఈ పక్క రాయి, ఆ పక్క సరుకు, నడుమ ముల్లు నిటారుగా నిలబడడం. అంతే కదా సాటి. ఇన్నేళ్లుగా సంఘమంతా కలిసి ఆ మాటను జల్లించి సహాయాన్ని మాత్రం బస్తాలో పోసుకుంది, సాటిని ఇసుకతో పాటు పారబోసింది. బజారులో తూకం తప్పినవాడి మొహాన ఉమ్ముతారు. వీళ్లేమో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్తున్నారు.

ఇంటికి వచ్చి, పేపరు చదువుతున్న భర్తను అడిగింది. "సాటంటే ఏందండీ?"

"సాటంటే తోడు. నాకు అవసరమైనప్పుడు పక్కన ఉండేది."

"అయితే మీరు నాకు సాటేనా?"

పేపరు కిందికి దిగింది. "ఏం మాటలే ఇయ్యి? గురువారాలు పోబట్టినప్పటి నుంచి నీకు నోరు లేసింది."

మరుసటి రోజు అటక మీది పాత ఎత్తుపీట దించి, కడిగి, కొట్లో బొరుగుల తొట్టి పక్కన వేసుకుంది. కూచునే కొలిచింది, కూచునే పొట్లం కట్టింది. "గిరాకీ ముందర కూచుంటావా?" అని పళ్లు కొరికాడు యేసుప్రసాద్. "గిరాకీకి బొరుగులు కావల్ల గానీ నా కాళ్లెందుకు?" అంది. కొనడానికి వచ్చిన ముసలావిడ ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారితో గోడ పక్కన నిలబడి చాలాసేపు మాట్లాడాడు. సోమవారం ఈ మాట తెచ్చాడు, ఉగ్గాని కొంచెం ఎక్కువే చెయ్యమని.

ప్రకాశమ్మ జల్లెడ పక్కన పెట్టి ఆ సాయంత్రమే నాగలత దగ్గరికి పోయింది. అక్కడే ఉన్న హులిగెమ్మ కూడా విన్నది. నాగలత ముఖం వాడిపోయింది గానీ, "పెద్దలు చెప్పినాక కాదంటే సంఘంలో గొడవైతాది. పొయ్యి సంగతి మాత్రం అందరం అనుకునిందే. ఇల్లు నీది, నువ్వెట్లంటే అట్లక్కా" అంది.

హులిగెమ్మ మాత్రం మెత్తగా అనలేదు. "మీ ఇంటికి రానీకేముంది, వస్తాం. మేం వచ్చినప్పుడు నువ్వుంటావా మీ ఇంట్లో?"

ఆ ప్రశ్న దారి పొడవునా వెంట వచ్చింది. కుక్కలా వెంట వచ్చి వాకిట్లో కూచుంది. బుధవారం బట్టీ దగ్గర, కాగుతున్న ఇసుక ముందు, ఆమె దేవుడితో తగువు పెట్టుకుంది. నాకు చోటియ్యమంటే ఇచ్చినావు, ఇచ్చిన చోటును నా వంటింటి పక్కకు జరుపుతావా? ఇదేం బేరం? మనిషైతే నీ కొట్టు మళ్లీ తొక్కను. చేతిలోని ఉప్పు కలిపిన బియ్యం ఇసుకలో పోసింది. గింజలన్నీ ఒక్కసారి పూశాయి. జవాబేమీ వినబడలేదు. కానీ కోపంగా మాట్లాడినా ఆయన లేచిపోలేదని, అక్కడే వింటూ ఉన్నాడని ఆమెకు తెలిసింది. చుట్టంతో ఇట్లా మాట్లాడలేం. సొంత మనిషితోనే మాట్లాడతాం. కోపం చల్లారలేదు గానీ, దాన్ని ఏ పక్క పెట్టి తూచాలో మాత్రం తేలింది.

గురువారం వచ్చింది. యేసుప్రసాద్ హాల్లో తనకూ అయ్యగారికీ రెండు కుర్చీలు వేయించాడు. ఆడవాళ్లకు కింద చాప. ప్రకాశమ్మ పొద్దునే హాలు ఊడ్చి, కొత్త కుండలో నీళ్లు నింపి, గ్లాసులు బోర్లించి కిటికీ పక్కన పెట్టింది. వంటింట్లో బొరుగులు డబ్బాలో ఉన్నాయి, ఉల్లిగడ్డలు బుట్టలో, మిరపకాయలు సంచిలో. దేన్నీ ముట్టుకోలేదు.

"పొయ్యి ముట్టియ్యలేదేమే?" అంది సిద్దమ్మ, మూల మంచం మీద నుంచి.

"గురువారం కూటంలో ముట్టియ్యరత్తా."

ముసలామె కోడలి ముఖంలోకి చూసి, మంచం మీద సర్దుకుని కూచుంది.

నాగలత, హులిగెమ్మ, మిగతావాళ్లు వచ్చారు. కుర్చీలు చూసి జంకుతూ గోడ వెంబడి సర్దుకున్నారు. అయ్యగారు వచ్చారు. పాట మొదలైంది. ప్రకాశమ్మ వంటింటి గుమ్మం దగ్గరి నుంచి నడుచుకుంటూ వచ్చి, చాప నడుమ, నాగలతకూ హులిగెమ్మకూ మధ్య కూచుంది. రెండు కాళ్లూ మడిచి, బాసింపట్టు వేసుకుని.

యేసుప్రసాద్ కళ్లతో వంటింటి వైపు చూపించాడు. ఆమె పాట పాడుతూ ఉంది. ఆయన దగ్గాడు. ఆమె రెండో చరణం ఎత్తుకుంది. పాట అయిపోయాక ఆయన లేచి, మైకు లేకపోయినా మైకు గొంతుతోనే మొదలుపెట్టాడు. "ఏమీ లేని నన్ను ప్రభువు వ్యాపారస్తుణ్ణి చేసినాడు. ఈ కూటం ఈ ఇంటికి తెచ్చే భాగ్యం నాకిచ్చినాడు. నా ఇల్లాలు నాకు సాటియైన సహాయంగా ఉండి, ఈ పొద్దు మీ అందరికీ టిఫను..."

"సాటి అంటే సమానమన్నా" అంది హులిగెమ్మ, తెలియనివాళ్లకు తెలియజెప్పినట్టు.

"ఆ?"

"నువ్వు బిన్నా చదివేసినావు. ఆడ ఆగల్ల."

ఎవరో నవ్వాపుకున్నారు. అయ్యగారు పుస్తకం తెరిచి కళ్లజోడు సర్దుకున్నారు. యేసుప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. చిరునవ్వు చెదరనివ్వకుండా భార్య వైపు వంగాడు. "ఏమే, లేయి. అయ్యగారికి ముందు టీ తీసుకురా."

"ఈ కూటంలో పొయ్యి ముట్టియ్యరు. కుండలో నీళ్లుండాయి."

"మనింటికొచ్చినోళ్లకు ఉత్తనీళ్లా? నా పరువు తీస్తాండావా?"

"పరువు కావల్లంటే వంటింట్లో అన్నీ ఉండాయి" అంది ప్రకాశమ్మ. గొంతు పెంచలేదు. కొట్లో ధర చెప్పేటప్పుడు ఎట్లా చెప్తుందో అట్లానే చెప్పింది, ఇంక దిగేది లేదని వినేవాడికి తెలిసేటట్టు. "బొరుగుల వ్యాపారం మీదే గదా. ఏటా సాక్ష్యం చెప్తారు. ఉగ్గాని మీరు చెయ్యండి. నేను కూటంలో ఉండా."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు నీళ్లు చాలు ప్రసాదూ, నువ్వు కూచో" అన్నారు పీలగా. ఆ మాట ఇన్నేళ్లలో ఒక్కసారి గోడ అవతలికి అని ఉంటే ఎంత బాగుండేది అనుకుంది ఆమె. యేసుప్రసాద్‌కు కూచోవడం చేతకాలేదు. సంఘ పెద్ద ఇంట్లో అయ్యగారు వట్టి నీళ్లు తాగి పోయారన్న మాట రేపు ఊరంతా తిరుగుతుంది. ఆయన విసురుగా వంటింట్లోకి పోయాడు. డబ్బా మూత కిందపడి గిరగిరా తిరిగిన చప్పుడైంది. అల్మారా తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

"అంశాలు చెప్పుకుందాం" అంది నాగలత. "ప్రకాశమ్మక్కా, ఇల్లు నీది. నువ్వే మొదలుపెట్టు."

ఆమె నోరు తెరవబోయింది.

"ఏమే! ఉప్పు యాడుండాది?"

వంటింట్లోంచి కేక. చాప మీద అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కాళ్లు ఆమెను అడక్కుండానే కదిలాయి. ఒక మోకాలు పైకి లేచింది. ఇన్నేళ్ల అలవాటు ఎముకల్లో ఉంటుంది, బుద్ధి చెప్పేదాకా ఆగదు. బొరుగుల మీద ఇంత పేరు సంపాదించిన మొగుడికి తన ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియదు. పొయ్యి పక్కనే, మూత లేని జాడీలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఒక్క అడుగు పోయి చూపిస్తే అయిపోతుంది. ఆ ఒక్క అడుగు పోయిపోయే కదా బతుకు ఇంత దూరం వచ్చింది. హులిగెమ్మ తన మొరటు చెయ్యి తెచ్చి ఆ మోకాలి మీద పెట్టింది. అదిమిపట్టలేదు. ఊరికే పెట్టింది.

"మ్మా! ఉప్పు యాడ పెట్టినారే?" ఈసారి కేక తల్లికి.

సిద్దమ్మ మంచం మీద కదిలింది. "ఎతుక్కో నాయనా" అంది ముసలామె. "మేము ప్రార్థనలో ఉండాం."

ప్రకాశమ్మ మోకాలు నెమ్మదిగా కిందికి దిగింది. చాపకు ఆనింది. చేతులు జోడించి, కళ్లు మూసుకోకుండా, అందరికీ వినబడేటట్టు, వంటింట్లోకి కూడా వినబడేటట్టు చెప్పింది.

"ముందు నేను కూచోవల్లని అడిగినా. కూచున్నా. ఇప్పుడు నా అంశం ఒక్కటే. ఎవురు కేకేసినా లేయకుండా ఉండే బలం."